బన్ను మీద మెరుపు

నాకు అనుమానం పుట్టుకతో వచ్చిన జబ్బని మా ఆయన అంటాడు. జబ్బో తెలివో ఇంతవరకూ తేలలేదు. పాలవాడు పాలు పోస్తుంటే నేను చెంబు వైపు చూడను, వాడి మొహం వైపు చూస్తాను. కొత్త నూనె డబ్బా తెరిస్తే ముందు వాసన చూసి, అరచేతిలో రుద్ది, అప్పుడు కూడా నమ్మను. “నీ అనుమానాల్లో ఒక్కటన్నా నిజమైందా మే ఇంతవరకు?” అని మా ఆయన నవ్వుతాడు. ఉన్నమాట చెప్పాలంటే కాలేదు. అయినా నలుగురి నోట్లోకి పోయే తిండి చేసేవాళ్లు అనుమానపడకపోతే ఇంకెవరు పడాలి?

మాది మదనపల్లెలో చిన్న బేకరీ. ముందు అంగడి, వెనక పొయ్యి, పైన ఇల్లు. పెట్టింది మా మామ, అంటే మా ఆయన తండ్రి. మేము దూదేకులవాళ్లం. మా తాతలు రామసముద్రం చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి దూది ఏకి, పరుపులు కుట్టి బతికారు. ఆ పని పడిపోయాక మామ మీసాలు రాని వయసులో బెంగుళూరు పోయి ఒక బేకరీలో కూలికి చేరాడు. పిండి పిసకడం నుంచి పొయ్యి దాకా అన్నీ నేర్చుకుని తిరిగొచ్చి ఇక్కడ పొయ్యి కట్టించాడు. బన్ను, రస్కు, కొబ్బరి కూరిన దిల్‌పసంద్, వెన్న బిస్కెట్లు మా సరుకు.

ఇప్పుడు లెక్కలూ కొనుగోళ్లూ నావి, బండి మీద సరుకు చేర్చడం మా ఆయనది, పొయ్యి దగ్గర సదుం నుంచి వచ్చే మాస్టర్ ఉంటాడు. అన్ని పనులూ మాకు వదిలేసినా మామ ఒక్కటి మాత్రం వదల్లేదు. బన్నులు పొయ్యిలోంచి బయటికి రాగానే, వేడి తగ్గకముందే, వాటి మీద కరిగించిన డాల్డా పూయడం. చిన్న గిన్నె ఒక చేతిలో, బ్రష్ ఒక చేతిలో పట్టుకుని ట్రే ఈ చివర నుంచి ఆ చివరకి చకచకా పూసుకుంటూ పోయేవాడు. “మెరుపు లేకుంటే అది బన్ను కాదమ్మా, పిండిముద్ద,” అనేవాడు. పూయడం అయ్యాక మొదటి ట్రేలో ఒక బన్ను విరిచి తిని, తల ఊపితేనే మిగిలినవి అంగట్లోకి వెళ్లేవి. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి చూస్తున్న సంగతి ఇది.

ఇక మా సంగతి. మేము ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు. నమాజు నమాజే, ఉపవాసం ఉపవాసమే, మాట మాత్రం తెలుగు. దీనివల్ల మాకు రెండు వైపుల నుంచీ పోటు. “ఉర్దూ రాని సాయిబులేందప్పా?” అని మామను మసీదులోనే ఎగతాళి చేసిన రోజులున్నాయట. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అన్నట్టు, మేము ఏం చేసినా వాళ్లకు ఎక్కడో ఒక చిన్న అనుమానం. అటువైపు, గోడమీద హలాల్ సర్టిఫికెట్ తగిలించిన రోజు పక్కింటి రెడ్డెమ్మ వచ్చి దాన్ని కిందినుంచి పైదాకా చూసి, “ఏమ్మా, ఇంగ బన్నులో గూడా మాంసం ఏస్తారా?” అని అడిగింది. ఒకరికి మేము ఎక్కువ సాయిబులం, ఇంకొకరికి తక్కువ సాయిబులం. సరిగ్గా ఎంత ఉండాలో ఎవరూ చెప్పరు.

మామ ఆ ఎగతాళికి నోటితో జవాబు చెప్పలేదు. రంజాన్ నెలంతా ఉపవాసం విడిచే వేళకు మసీదుకు మొదటి ట్రే బన్నులు తానే నెత్తిన పెట్టుకుని మోసుకెళ్లేవాడు. ఏళ్ల తరబడి అలా మోశాడు. నవ్వినవాళ్లే ఆ బన్నుతో ఉపవాసం విడిచి, మెల్లమెల్లగా “రా పెద్దాయనా, ముందుకు రా,” అని చోటు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ చోటు మామకు పొయ్యి కన్నా, అంగడి కన్నా పెద్ద ఆస్తి.

సర్టిఫికెట్ తీసుకున్నది కుప్పం కోసం. అక్కడ ఒక పెద్ద హోల్‌సేల్ అంగడాయన ఉన్నాడు. అటు తమిళనాడు, ఇటు కర్ణాటక, రెండు వైపుల చిన్న అంగళ్లకూ హాస్టళ్లకూ సరుకు ఆయన దగ్గర నుంచే పోతుంది. మా పొయ్యిలో కాలే రస్కులూ బన్నులూ సగానికి పైన ఆయనే తీసుకుంటాడు. సర్టిఫికెట్ లేకుండా ముట్టను అన్నాడు. సరేనని తెచ్చుకున్నాం. తెచ్చుకోవడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం పది ఎత్తులు. బిడ్డను కనడం, పెంచడం లాంటిదే ఇది కూడా.

పెద్ద కంపెనీలకు దానికోసం వేరే మనుషులుంటారు. మా దగ్గర నేనే. డాల్డా ఏ నూనెతో చేసిందో కంపెనీ చేత రాయించి తేవాలి. కేకు పొంగడానికి వేసే జెల్ చెట్టు కొవ్వుదో, జంతువు కొవ్వుదో రుజువు చూపాలి. ఎసెన్సులో సారాయి కలిసి ఉండకూడదు. అంగట్లో ఆ బ్రాండు అయిపోయి ఇంకోటి తెస్తే మళ్లీ వాళ్లకు చెప్పాలి. పనివాళ్లు బయటి కూర తెచ్చుకుంటే లోపల తినకూడదు. ఇవన్నీ ఏడాదికోసారి వచ్చి చూసి, నచ్చితేనే ఇంకో ఏడాదికి ఇస్తారు.

ఈసారి వచ్చే గడువుకు ముందే ఆడిట్ చేసే సారు ఫోన్ చేశాడు. బెంగుళూరు మనిషి, తెలుగు పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడతాడు.

“అమ్మా, మీ బేకరీ మీద ఒక ఫిర్యాదు వచ్చింది,” అన్నాడు.

“ఎవురు సార్ చేసినది?”

“పేరు చెప్పలేదు. చెప్పినా నేను మీకు చెప్పకూడదు. బన్నులో తేడా ఉందని అన్నారు. వచ్చి చూస్తాను.”

అంతే, పెట్టేశాడు. మా మీద ఫిర్యాదా? నేను నిద్రలో కూడా లేబుళ్లు చదువుకునే మనిషిని! ఎవడో ఒకడు నా కొంప ముంచాలని చూస్తున్నాడు. ఎవడు?

మొదట బస్టాండు దగ్గర కొత్తగా బేకరీ పెట్టినాయన మీదికి పోయింది మనసు. ఆ పక్కగా వెళ్తే ఆయన నన్ను చూసి నమస్కారం పెట్టాడు. ఎప్పుడూ పెట్టనివాడు ఇప్పుడెందుకు పెట్టాడు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ? ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, “ఆయన బిడ్డ పెండ్లి మే, పత్రిక ఇచ్చేదానికి చూస్తాండాడు,” అన్నాడు. మర్నాడు నిజంగానే పత్రిక వచ్చింది.

తర్వాత పుంగనూరు శెట్టి. డాల్డా, జెల్, ఎసెన్సు అన్నీ ఆయన అంగట్లోనే తెస్తాం. ఆయనకు టిన్ను పగలగొట్టి విడిగా అమ్మే అలవాటు. నేను సీలు విప్పని టిన్నే కావాలని పోయిన నెల గొడవ పెట్టుకున్నాను. ఆ కోపంతో చేసుంటాడని బస్సెక్కాను.

అంగట్లో అడుగు పెడుతూనే అడిగేశాను. “ఏమప్పా, మా మీద ఎవురికన్నా ఫోన్ చేసినావా?”

“నాకేం పనమ్మా? యాల చేస్తాను?”

“మా బన్నులో తేడా ఉండాదని ఎవురో చెప్పినారంట. నాకు సరుకిచ్చేది నువ్వే కదా.”

శెట్టి తక్కెడ కింద పెట్టి నా వైపు తిరిగాడు. “అట్ల చెప్తే ముందు మునిగేది ఎవురమ్మా? నా సరుకు బాగలేదని నేనే చాటుకుంటానా? నాకేమన్నా తిక్కా?”

న్యాయంగానే ఉంది. అయినా వెనక్కి తగ్గితే నేను నేనెలా అవుతాను? టిన్నులన్నీ కిందికి దింపించి, ఒక్కొక్కదాని సీలు వేలితో తడిమి, బ్రాండు పేరు చదివి, అడుగున కొట్టిన ముద్ర చూసి, అప్పుడు తీసుకున్నాను. “డాల్డాకు గూడా జాతకం చూసేది నిన్నే చూసినానమ్మా,” అన్నాడు. నాకు నవ్వు వచ్చింది కానీ నవ్వలేదు. నవ్వితే మళ్లీ విడిగా అంటగడతాడు.

అటు నుంచి అటే, సరుకుతో వచ్చిన మా ఆయన బండెక్కి కుప్పం పోయాను. అంగడాయన మర్యాదగానే కూర్చోబెట్టి టీ తెప్పించాడు. సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసు నుంచి ఫిర్యాదు సంగతి ఆయనకు అప్పటికే తెలిసింది.

“ఏమ్మా, మీ ఇండ్లల్లో అంతా తెలుగేనంట కదా?” అన్నాడు, టీ కప్పు నా ముందుకు జరుపుతూ.

“తెలుగే. ఏం, బన్నుకు ఉర్దూ రావల్లనా?” అన్నాను. మా ఆయన నా కాలు తొక్కాడు.

ఆయన నవ్వాడు కానీ ఆ నవ్వు కళ్లదాకా రాలేదు. “కోపం వద్దమ్మా. సర్టిఫికెట్ మళ్లా వచ్చిందనుకో, నీ సరుకు ఇట్లే పోతాంటాది. రాలేదనుకో, నేను వేరే బేకరీతో మాట్లాడి పెట్టుకోనుండాను. నా వ్యాపారం నాది.”

కుప్పం పోతే మా పొయ్యి సగం ఆరినట్టే. మాస్టర్‌కు జీతం ఎక్కడి నుంచి ఇవ్వాలి, బండి కంతులు ఎలా కట్టాలి? తిరుగు దారి పొడుగునా ఇదే. ఆ ఆలోచనల మధ్యలోనే ఇంట్లో సంగతి ఒకటి ముల్లులా గుచ్చుకుంది. మామ బన్ను తినడం మానేశాడు.

ఎప్పటి నుంచో గుర్తు తెచ్చుకుంటే, రంజాన్‌కు ముందు నుంచి. మొదటి ట్రేలోంచి విరిచి తినే మనిషి, “నోరు సప్పగుండాదమ్మా,” అని ఒకరోజు, “కడుపు నిండుగుండాది,” అని ఇంకోరోజు తప్పించుకున్నాడు. తర్వాత భుజం నొప్పి అని పూయడం కూడా మాస్టర్‌కు వదిలేసి, అంగడి ముందు బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. రంజాన్ వచ్చింది. మసీదుకు బన్నుల ట్రే పోలేదు. మామ ఖర్జూరాలు, అరటిపండ్లు కొని పంపాడు. “దినామూ బన్నేనా? మారుస్తాం,” అన్నాడు. అప్పుడు నేనూ పట్టించుకోలేదు.

ఇప్పుడు ఆ మూడూ కలిపి చూసుకున్నాను. అంటే మామకు నా మీద అనుమానం! కొనేది నేనే కదా. ఏదో చవకరకం కలుపుతున్నాననుకుని, నాతో చెప్పలేక, నోరు కట్టుకుని కూర్చున్నాడు. ఇంతకాలం నేను ఊరందరినీ అనుమానించాను గానీ, మా ఇంట్లోనే ఒకరు నన్ను అనుమానిస్తారని అనుకోలేదు. ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది. బండి దిగుతూనే బెంచీ దగ్గరికి పోయాను.

“మామా, నేనేమన్నా కలుపుతాండానని నీకు అనుమానమా?”

మామ తలెత్తి నన్ను చూశాడు. “ఏమి కలిపేది?”

“ఏమో, నువ్వే చెప్పు. బన్ను ముట్టుకోవు. మసీదుకు పంపవు. నా చెయ్యి మంచిది గాదా?”

“గమ్మునుండమ్మా,” అన్నాడు మెల్లగా. “నీ చెయ్యికేమైంది? నీ మాదిరి చూసి తెచ్చేవాళ్లు యాడుండారు?” అని లేచి లోపలికి వెళ్లిపోయాడు. మంచిమాటే అన్నాడు. కానీ నా కళ్లలోకి చూసి అనలేదు.

మిగిలింది మాస్టర్. వస్తువులు మాయమవుతున్నాయి మా బేకరీలో. వస్తువులంటే పెద్దవేమీ కాదు, డాల్డా పూసే బ్రష్షు. ఒకటి కనపడకపోతే మాస్టర్ సందు చివర పెయింటు అంగట్లో కొత్తది తెచ్చాడు. అదీ కొన్నాళ్లకు పోయింది, మళ్లీ తెచ్చాడు. మామ బెంగుళూరులో నేర్చుకున్న పద్ధతి అది. గోడలకు రంగు వేసే బ్రష్షే కొత్తది తెచ్చి, వేడినీళ్లలో కడిగి వాడతాం. మా ఊళ్లో చాలా బేకరీల్లో అంతే. “ప్లాస్టిక్‌దైతే కాలిన ట్రేకు తగిలి కరిగిపోతాది,” అనేవాడు మామ. “బ్రష్షులు తిని బతుకుతాండావా ఏమప్పా?” అని మాస్టర్‌ను అరిచాను. “అమ్మా, మా అమ్మ మీద ఒట్టు, నేను తీయలే,” అన్నాడు పాపం. ఒట్టు పెట్టుకుంటే ఇంకా అనుమానం పెరుగుతుంది నాకు.

ఆడిట్ రోజు వచ్చింది. తెల్లారి నుంచి అరలన్నీ తుడిచి, టిన్నుల పేర్లు బయటికి కనపడేలా పేర్చి, కాగితాలు ఒక సంచిలో పెట్టుకుని కూర్చున్నాను. సారు వచ్చాడు. చేతులకు కవర్లు వేసుకుని పిండి సంచి నుంచి ఉప్పు డబ్బా దాకా చూశాడు. టిన్నుల సీళ్లు చూశాడు. ఎసెన్సు సీసా మూత తీసి వాసన చూశాడు. జెల్ కంపెనీ రాసిచ్చిన కాగితం రెండు వైపులా చదివాడు. మాస్టర్‌ను అన్నం ఎక్కడ తింటావని అడిగాడు. ఏ దాంట్లోనూ వేలు పెట్టడానికి సందు లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఏడవండ్రా, ఫోన్ చేసినోళ్లారా, అనుకున్నాను మనసులో.

అప్పుడే బన్నుల ట్రే బయటికి వచ్చింది. బెంచీ మీద ఉండాల్సిన మామ ఎప్పుడు లోపలికి వచ్చాడో తెలియదు. మాస్టర్ చేతిలోంచి బ్రష్ తీసుకుని, అతణ్ణి అంగట్లో గిరాకీ చూడమని ముందుకు పంపాడు. భుజం నొప్పి మనిషి సరిగ్గా సారు ఎదురుగా నిలబడి, గిన్నెలో ముంచి, ఒక్కొక్క బన్నుకూ నింపాదిగా పూయడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ చకచకా పూసే చెయ్యి ఆరోజు పసిబిడ్డకు స్నానం చేయించినట్టు కదిలింది. పెద్దాయనకు తన పని చూపించుకోవాలని సరదా పుట్టింది కాబోలు అనుకున్నాను.

“ఆ బ్రష్ ఒకసారి ఇవ్వండి,” అన్నాడు సారు.

మామ ఇచ్చేశాడు. చేతులు తుడుచుకుని, “నమాజుకు టైమైంది,” అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

సారు బ్రష్ నుంచి ఒక పోచ లాగి, వెలుతురుకు పట్టి చూసి, కాగితంతో శుభ్రంగా తుడిచాడు. తర్వాత స్టవ్ వెలిగించమన్నాడు. మంటకు పట్టాడు. ప్లాస్టిక్ అయితే కరిగి ముద్ద కట్టాలి. ఇది చిటపటమని కాలి బూడిదైపోయింది. కోడి ఈకలు కాల్చినప్పుడు వచ్చే కమురు వాసన లేచింది. నేను ఎన్ని డబ్బాల వాసన చూశానో దేవుడికి తెలుసు. ఈ వాసన ఎప్పుడూ చూడలేదు.

“వెంట్రుక,” అన్నాడు సారు. “ఏ జంతువుదో కాల్చి చెప్పలేం. మేక ఉండొచ్చు, గుర్రం ఉండొచ్చు. కానీ పెయింటు బ్రష్‌లకు పందిదే ఎక్కువగా వాడతారమ్మా. అనుమానం ఉంటే నేను పాస్ చేయలేను.”

ఎన్నేళ్లు? ఎన్ని ట్రేలు? రంజాన్ ఉపవాసాలు విడిచిన ఎందరి నోళ్లు? మామ నెత్తిన మోసుకెళ్లిన ఆ ట్రేలు?

నా మొహం చూసి సారుకు జాలేసినట్టుంది. “తెలియక చేసింది తప్పు కాదమ్మా. తెలిసిన తర్వాత చేస్తే తప్పు,” అన్నాడు. బ్రష్‌లు పారేసి, ట్రేలూ బల్లలూ గిన్నెలూ ఎలా కడగాలో చెప్పాడు. ఒకసారి మన్ను కలిపిన నీళ్లతో, తర్వాత మంచినీళ్లతో మళ్లీ మళ్లీ. పంది తగిలినవాటికి శుద్ధి అదట. మళ్లీ వచ్చి చూసి సర్టిఫికెట్ సంగతి చెబుతానన్నాడు.

ఆయన అటు వెళ్లగానే నేను సందు చివర పెయింటు అంగడికి పోయాను. అనుమానం తీర్చుకోకుండా ఉంటే అన్నం దిగదు నాకు. “ఈ బ్రష్షు యాడిదప్పా, దీని వెంట్రుక ఏందిది?” అని అడిగాను. ఆయన గర్వంగా పోచల మీద వేలితో సవరించి, “అసలైన పంది వెంట్రుకమ్మా, ప్లాస్టిక్ కాదు. నేను వేరేది తెప్పించేదే లేదు,” అన్నాడు. జీవితంలో నా అనుమానం నిజమైంది ఆ ఒక్కసారే. ఎవరికి చెప్పుకోను?

మా ఆయనకు చెప్పాను. ఆయన తల పట్టుకుని కూర్చుండిపోయాడు. “నాయనకు మాత్రం తెలియగూడదు,” అన్నాడు. “తెలిసిందంటే ఇంగ మసీదు మెట్లు ఎక్కడు. అట్లే కుమిలిపోతాడు.” నేనూ అదే అనుకున్నాను. మాస్టర్‌కు కూడా కారణం చెప్పలేదు. ఆడిట్ వాళ్ల రూలు అని చెప్పి మన్నూ నీళ్లూ తెప్పించి, ట్రేలన్నీ నేనే దగ్గరుండి కడిగించాను. వేడికి కరగని రబ్బరు బ్రష్ మా ఆయన బెంగుళూరు నుంచి తెప్పించాడు.

మామ బెంచీ మీద కూర్చుని అదంతా చూశాడు. ట్రేలు మన్నుతో ఎందుకు తోముతున్నారని అడగలేదు. నా బ్రష్ ఏదని అడగలేదు. ఆ రబ్బరుది ఏందని కూడా అడగలేదు. తన పొయ్యి దగ్గర గరిటె జరిగినా అరిచే మనిషి! ఇక నాకు కొత్త అనుమానం పట్టుకుంది.

సారు మళ్లీ వచ్చి చూసి వెళ్లాడు. తర్వాత ఫోన్ చేశాడు. “పాసయిందమ్మా. సర్టిఫికెట్ పంపుతున్నాం,” అన్నాడు. నేను దండాలు పెట్టుకుని, పెట్టేయబోతూ ఉండబట్టలేక అడిగాను.

“సార్, పేరు వద్దు. ఆ ఫోన్ చేసినాయన ఏమన్నాడో అది మాత్రం చెప్పండి.”

“ఎవరో పెద్దవయసు మనిషి. ‘నూనె కాదు సారూ, డాల్డా కాదు. ఆ యమ్మ అన్నీ బాగా చూసి తెస్తాది. బన్నుకు పూసేదాన్ని సూడండప్పా’ అన్నాడు. ఏడుస్తున్నట్టు అనిపించింది. ఆయన చెప్పకపోతే నేను బ్రష్ వైపు చూసేవాణ్ణే కాదు.”

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను. పుంగనూరు వెతికాను, కుప్పం వెతికాను. ఫోన్ చేసిన మనిషి మా అంగడి ముందు బెంచీ మీదే కూర్చుని ఉన్నాడు. బ్రష్షులు మాయం చేసిందీ ఆయనే. తీసేసిన కొద్దీ మాస్టర్ కొత్తది తెస్తుంటే, ఇక దారి లేక ఫోన్ చేశాడు. ఆ రోజు వచ్చి సారు కళ్ల ముందే బ్రష్ ఆడించాడు. సారు దాన్ని పరీక్షించడం చూడలేక నమాజుకు పోయాడు.

నేను పొయ్యి దగ్గరికి పోయి కొత్త ట్రేలోంచి ఒక బన్ను తీసుకుని బెంచీ దగ్గరికి వచ్చాను. మామ పక్కన కూర్చున్నాను. కోడలు మామ పక్కన కూర్చోవడం మా ఇళ్లల్లో లేదు. ఆయన కాస్త జరిగి చోటిచ్చాడు.

“పాసయింది మామా,” అన్నాను.

“ఊఁ.”

“నాతో చెప్పుంటే అయిపోయుండును కదా.”

మామ రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. “రంజాన్‌కు ముందర పుంగనూరు పెండ్లికి పోలేదా నేను? ఆడ మన అల్లుని వరస ఒకాయన మాటల్లో చెప్పినాడు, ఆ బ్రష్షుల వెంట్రుక యాడి నుంచి వస్తాదో. అప్పుటి నుంచి నిద్ర లేదమ్మా. నోరు తెరిచి చెప్తే అయిపోయె. ఎట్ల చెప్పేది? ఎన్ని రంజాన్లు మోసినానో ఆ ట్రే! నా చేతులతోనే పూసినా కదా.” అరచేతులు తిప్పి చూసుకున్నాడు. “తెలిసినాక గూడా అమ్మనిచ్చినా. నెలలు నెలలు. అదే కదా పెద్ద పాపం.”

ఆయన నా వైపు తిరిగాడు. ఇన్ని నెలల్లో మొదటిసారి నా కళ్లలోకి చూశాడు.

“ఆ సారు బ్రష్షు చూసినాడు కదా. ఏమన్నాడు? ఖాయమేనా?”

పెయింటు అంగడాయన మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

“వెంట్రుకన్నాడు మామా. ఏ జంతువుదో చెప్పలేమన్నాడు. మేకదైనా ఉండచ్చంట, గుర్రందైనా ఉండచ్చంట. ఉత్త అనుమానమే అన్నాడు.”

“నువ్వు విచారించలేదా? నువ్వు ఊరకుండే దానివి కాదే.”

“విచారించినా. ఎవురికీ తెలియదు. నాకు గూడా అనుమానమే.”

“నీకు గూడా అనుమానమేనా?”

“అనుమానమే మామా.”

మామ నా మొహంలోకి వెతికి వెతికి చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. కాసేపటికి ఆయన పెదవుల చివర ఏదో కదిలింది.

“నీ అనుమానం ఎప్పుడన్నా నిజమైందా మే?” అన్నాడు.

“కాలేదు మామా. ఒక్కసారి గూడా కాలేదు.”

ఆయన తువాలుతో కళ్లు తుడుచుకున్నాడు. నా చేతిలోని బన్ను తీసుకుని విరిచాడు. సగం నాకిచ్చి, సగం తాను నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలాడు. మిగిలిన ముక్కను వెలుతురుకు తిప్పి తిప్పి చూసి లేచి నిలబడ్డాడు.

“మెరుపు సాల్లేదమ్మా,” అని పొయ్యి వైపు నడిచాడు.